బోర్డు మీద వైన్స్, లోపల ద్రాక్షారసం లేదు

పెద్దలకు, పాస్టరయ్యకు, చాపల మీద ఇరుక్కొని కూసున్న నా అక్కచెల్లెండ్లకు యేసయ్య పేరు మీద వందనాలు. నా పేరు లలిత. కొడకండ్ల దిక్కోళ్లు ఎవరన్న గీడ ఉంటే గా పేరుతోని నన్ను గుర్తువట్టరు, ‘వైన్స్ అక్క’ అంటేనే గుర్తువడ్తరు. నవ్వకుండ్రి! సాక్ష్యం చెప్తానికి నిలవడ్డామె మందు దుకాణం నడిపినామెనా అని మీరు ఒకల మొకం ఒకలు సూసుకుంటుండ్రు, నాకు ఈడికే కనవడుతుంది. అవును, నేనే. దేవుడు నన్ను గా షాపు గల్లపెట్టె కాడనే దొరకవట్టిండు, ఆయనకే మహిమ, ఇంకెవరికి ఇయ్యాలె?

సహోదరులారా, తెలంగాణ లొల్లి జోరు మీదున్న రోజులవి, అప్పుడు మన ఊర్లన్నీ ఇంకా వరంగల్ జిల్లానే. మా ఆయన సత్తయ్య ఇంకిద్దరితోని కలిసి కొడకండ్లల వైన్స్ పెట్టిండు. మొదలు గల్ల మీద కూసున్నడు, కొన్నొద్దులకు గల్ల ముంగట నిలవడ్డడు, ఆఖరికి గల్ల కిందనే పండవట్టిండు! షాపుల వాటా ఉన్న షరీకోళ్లు వచ్చి, వదినా గిట్లయితే నడవదు, నువ్వన్న కూసో, లేకుంటే మమ్ములనన్న ఇడిసిపెట్టు అన్నరు. ఆడిది పోయి మందు అమ్ముడేంది అని మా అవ్వగారోళ్లు మొత్తుకున్నరు, వాడకట్టోళ్లు మూతులు తిప్పిండ్రు. తిప్పుకోండ్రి, మీ మూతులు మీయి అనుకొని కొంగు నడుముకు చెక్కి కూసున్న. నా నోరు అప్పటికెల్లి ఇంతే, ప్రభువు ఇంకా దిద్దుతనే ఉన్నడు.

గల్ల మీద కూసుంటే తెలిసింది, వచ్చే మనిషి తనకేం కావాలెనో చెప్పడు. ఇనుప జాలి సందుల కెల్లి లోపలికి చెయ్యి పెట్టి, ‘అక్కా, ఏది మంచిది, నువ్వే చెప్పు’ అంటడు. నేను మొకం సూసి చెప్పేదాన్ని. పత్తికి మందు కొట్టి పెయ్యంత నొప్పులతోని వచ్చినోడికి ఒకటి, అత్తగారింటికి పోయే కొత్త అల్లునికి సీసా షోకుగ కనవడేది ఒకటి, పెండ్లిల మర్యాదకు పెట్టేటోళ్లకు ఒకటి, దినానికి తీస్కపోయేటోళ్లకు ఇంకొకటి. ‘అక్క చెప్పిందంటే తిరుగులేదు’ అని పెద్దవంగర కెల్లి సుత వచ్చేటోళ్లు, నాకు సుత లోపల గర్వంగనే ఉంటుండె. ఊరందరికి ఏది మంచిదో చెప్పేదాన్ని, ఇంట్లున్న ఒక్క మనిషికి ఏది మంచిదో తెల్వక ఏడ్సేదాన్ని!

ఎందుకంటే మా ఆయన పానం అప్పటికే అంచుకు వచ్చింది. కండ్లు పసుపు పచ్చగైనయి, కాళ్లు ఉబ్బినయి, వరంగల్ దవాఖానల డాక్టరు నన్ను పక్కకు పిలిసి, అమ్మా, కాలేయం ఖరాబైంది, గిట్లనే తాగితే ఈ మనిషి నీకు దక్కడు అని మొకం మీదనే చెప్పిండు. నేను చెయ్యని పని లేదు అక్కా. మొక్కులు మొక్కిన, ముడుపులు కట్టిన, ఎవలో చెప్తే ఆకుపసరు తాగిపిచ్చిన, నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు ఏపిచ్చిన, తిట్టిన, కాళ్లు మొక్కిన, మా అన్నదమ్ములతోని కొట్టిపిచ్చిన సుత. పొద్దుగాల ఏడ్సుకుంట ‘ఇగ ముట్టనే’ అంటడు, పొద్దుగూకకముందే మల్ల గదే పని. నాకు బంగారం అక్కెరలేదు, బంగళా అక్కెరలేదు, ఈ మనిషి ఒక్కడు బతకాలె, గంతే నా ఆశ.

గప్పుడు సకల జనుల సమ్మె వచ్చింది. మీకు యాదికున్నది గదా! బస్సులు బందు, బడులు బందు, రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు, ఆడోళ్లు రోడ్డు నడుమ బతుకమ్మ ఆడుడు. బంద్ అన్ననాడు మా షట్టర్ కిందికే. మా ఇల్లు షాపు ఎనకనే, నడుమ ఒక్క తలుపు. నేను ఇదే అదును, బయట సుత మందు దొరకది అనుకొని గా తలుపుకు తాళం ఏసి, తాళం చెవి పుస్తెలతాడుకు కట్టుకున్న. ఇగ ఎట్ల తాగుతవో సూస్త అన్న. ఓ నా తల్లో, గంత తాగేటోడు ఒక్కపారి బందు వెడితే పానం మీదికొస్తదని నాకేం తెలుసు? మొదటి రోజు చెమటలు, తెల్లారి చేతులు గడగడ వణుకుడు, శనివారం వరకు గోడ మీద చీమలు పాకుతున్నయి, దులుపు దులుపు అని ఒర్లుడు. గోడ మీద ఒక్క చీమ లేదు! తలుపుకు నెత్తి కొట్టుకుంట, ‘లలితా, నీ కాళ్లు మొక్కుత, ఒక్క గుటకనే’ అని ఏడుస్తుంటే, చెవి ఇయ్యాల్నా వద్దా, ఇస్తే సస్తడా, ఇయ్యకుంటే సస్తడా అని నడింట్ల కూలవడ్డ. ఆనాటి చీకటి నా పగోళ్లకు సుత వద్దు ప్రభువా!

సరిగ్గ గప్పుడే ఎవలో షట్టర్ మీద దబదబ కొట్టిండ్రు. బంద్ అని తెల్సి సుత తాగుబోతులకు ఆగదు అనుకొని మండుకుంట తాళం తీసి షాపులకు పోయి, ఎనక మల్ల తాళం ఏసి, ‘ఎవడ్రా వాడు, కండ్లు కనవడ్తలెవ్వా’ అని షట్టర్ జర లేపిన. మందుకొచ్చినోడు కాదు, ఒక ముసలవ్వ! లంబాడి అవ్వ, చేతులకు దంతపు గాజులు, కాళ్ల నిండ దుమ్ము, కొంగు కింద కడిగిన స్టీలు డబ్బా. పెద్దవంగర తొవ్వల ఉన్న తండ కెల్లి ఎండల నడిసి వచ్చిందట. పేరు సోమ్లీ అవ్వ. డబ్బా నా చేతిల పెట్టి, ‘బిడ్డా, ద్రాక్షారసం పొయ్యి. మంచిది సూసి పొయ్యి, రేపు ప్రభువు బల్లకు’ అన్నది.

నాకేం సమజ్ కాలె. మల్ల అడిగితే చెప్పింది. పోయిన నెలనే బాప్తీస్మం తీసుకున్నదట, రేపు ఆదివారం ఆమెకు మొదటి బల్లనట, బల్ల అంటే ప్రభువు యాదిల రొట్టె తిని ద్రాక్షారసం తాగుడట. పాస్టరయ్య ఎప్పటికి వరంగల్ కెల్లి ద్రాక్షారసం తెచ్చేటోడు, బస్సులు బందాయె, ఈ ఆదివారం బల్ల ఉండదు అన్నడట. గీ అవ్వ ఒప్పుకోలె. ఒకనాడు వాక్యంల ‘ద్రాక్షారసమంటే వైన్ అన్నమాట’ అని పాస్టరయ్య చెప్పిన మాట మనసుల పెట్టుకొని, వైన్ ఏడ దొరుకుతదని తొవ్వపొంటి అడుక్కుంట వచ్చింది. అడిగినోళ్లందరు పండ్లికిలిచ్చి మా షాపే చూపిచ్చిండ్రు!

నవ్వాల్నా ఏడ్వాల్నా? ‘అవ్వా, గిది వైన్స్ షాపు గని గిండ్ల వైన్ లేదే’ అన్న. నిజమే చెప్పిన అన్నా, విస్కీ ఉన్నది, బ్రాండి ఉన్నది, రమ్ము, బీరు అన్నీ ఉన్నయి, వైన్ మాత్రం మా దిక్కు ఒక్కడు అడగడు, మేం తెప్పియ్యం. గా అవ్వ బోర్డు దిక్కు తల లేపి సూసింది, నా దిక్కు సూసింది. ‘లేకుంటే మరి గంత పెద్దగ ఎందుకు రాసినవు బిడ్డా?’ అన్నది. ఎటకారానికి కాదు, పసిపిల్ల అడిగినట్టు అడిగింది. గిన్నొద్దులు గా బోర్డు కిందనే కూసున్న నేను, షట్టర్ కిందికెల్లి తల బయటవెట్టి మొదటిసారి దాన్ని సదివిన.

గంతల లోపలికెల్లి మా ఆయన మల్ల ఒర్లిండు. ‘ఎవరు ఏడుస్తుండ్రు?’ అన్నది అవ్వ. ‘నా మొగడు. తాగుడు లేక ఏడుస్తుండు, నీ తొవ్వన నువ్వు పో’ అని కసిరిన. పోలె. ‘నా మొగడు తాగే సచ్చిండు బిడ్డా’ అని వంగి షట్టర్ కిందికెల్లి లోపలికి దూరింది, సీసాల నడుమ కెల్లి నడిసింది, తలుపు తియ్యి అన్నది. ఎందుకు తీసిననో నాకిప్పటికి తెల్వదు. పోయి మా ఆయన పక్కన కింద కూసొని, చెమటల మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకున్నది. మొదలు వాళ్ల భాషల మాట్లాడింది, యేసు అన్న మాట ఒక్కటే తెలిసింది. తర్వాత నాకు సమజ్ కావాలెననేమో తెలుగుల చేసింది. ఆ ప్రార్థన నేను సచ్చేదాక మర్వ:

‘యేసు బాపూ, నాకు సదువు రాదు, మంచిగ మాట్లాడరాదు. ఈ పిలగాడు నీవోడు. వీని తల్లి ఏడున్నదో నాకు తెల్వదు, ఇప్పటికైతే నేనున్న. నా మొగన్ని తీస్కపోయినవు, నేను నిన్ను ఏమనలె. వీన్ని మాత్రం తీస్కపోకు. ఈ బిడ్డ మీద దయ సూడు. ఆమెన్.’

ఆమెన్ అన్నదో లేదో, మా ఆయన కండ్లు తేలేసిండు! పండ్లు కర్సుకపోయినయి, కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయి, మూతికి నురుగు. నేను ఊరంత వినవడేటట్టు మొత్తుకున్న. అవ్వ మాత్రం ఆయన్ని పక్కకు తిప్పి, నెత్తి కింద కొంగు పెట్టి, ‘ఆటో పిల్వు, దవాఖానకు నడువు’ అన్నది. నాకు కోపమొచ్చింది అక్కా, ‘ప్రార్థన చేసినవు గదనే, ఇంక దవాఖాన ఎందుకు, నీ దేవునికి చాతకాదా?’ అన్న. ఆ తల్లి ఒక్క మాట అన్నది. ‘దవాఖాన దాక పానం నిలవాలెననే ప్రార్థన చేసిన. లే!’

పక్కింటి ఆటో ఆయనను బతిమాలితే బండి తీసిండు. ఫిట్స్ ఆగినయి గని మనిషికి సోయి లేదు, నెత్తి అవ్వ ఒళ్లె, కాళ్లు నా ఒళ్లె, జనగామ తొవ్వ పట్టినం. ‘నువ్వు సుత అడుగు’ అన్నది అవ్వ. నాకు రాదంటే, ‘నాకొచ్చా?’ అన్నది. అప్పుడు నా బతుకుల మొదటిసారి నోరు తెరిసి అడిగిన: ‘యేసయ్యా, నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెలిసే ఉంటది, నేను మందు అమ్మేదాన్ని. మంచి మాటలు రావు. ఈయనను బతికియ్యి, ఈయనను నాకియ్యి!’ ఇంతకంటె పెద్ద ప్రార్థన నాకు రాలె, ఆటో గుంతలల్ల ఎగురుతుంటే ఇదే అన్న, మల్ల మల్ల అన్న.

దేవరుప్పుల కాడికి పోయేసరికి తొవ్వ బందు. రోడ్డుకు అడ్డం బండలు, ముండ్లకంపలు, నడుమ పొయ్యిలు, పెద్ద డేగ్చాల అన్నం ఉడుకుతుంది, జై తెలంగాణ అని పిలగాండ్లు ఎగురుతుండ్రు. ఆటో ఆపిండ్రు. ‘ఏ, ఎనుకకు మర్రు, పోనియ్యం’ అని ఒకాయన కట్టె పట్టుకొని వచ్చి లోపలికి వంగి సూసిండు. సూసినోడు మా షాపుల మందు కొనే గిరాకి! ‘అరే, మన వైన్స్ అక్కరా! ఏందక్కా, బంద్ల సుత స్టాకు తెస్తున్నవా’ అని నవ్వబోయిండు, మా ఆయన మొకం సూసి నవ్వు ఆగిపోయింది. ‘సత్తన్న! ఓ రాండ్రి, సత్తన్నకు సీరియస్ ఉన్నది’ అని ఒర్లిండు. ఉరికచ్చినోళ్లల్ల సగం మంది నేను ఏది మంచిదో చెప్పి అమ్మినోళ్లే. పొయ్యిల కెల్లి మండే కట్టెలు గుంజి, అన్నం డేగ్చ పక్కకు మోసి, బండలు దొర్లిచ్చి తొవ్వ చేసిండ్రు. గా కట్టె పట్టుకున్నాయన మోటార్ సైకిలు తీసి జనగామ దాక మా ముంగట నడిసిండు. ఎక్కడ అడ్డం పెట్టినా ‘పేషెంటు, పేషెంటు, జరగుండ్రి’ అని ఒర్లుకుంట తొవ్వ ఇప్పిచ్చిండు. సహోదరులారా, ఎర్ర సముద్రం పాయలై తొవ్వ ఇచ్చిన కత నేను తర్వాత ఇన్న. నాకైతే దేవుడు నా గిరాకీలతోనే తొవ్వ ఇప్పిచ్చిండు, హల్లెలూయా!

జనగామ దవాఖానల డాక్టర్లు నల్ల బ్యాడ్జీలు పెట్టుకొనే పని చేస్తుండ్రు. దబ్బున సూది ఏసిండ్రు, సెలైన్ ఎక్కిచ్చిండ్రు. పెద్ద డాక్టరమ్మ నన్ను గట్టిగనే కోపం చేసింది, గిట్ల ఒక్కసారి ఆపొద్దమ్మా, దవాఖానల పెట్టి మందులు ఇచ్చుకుంట ఆపాలె, ఇంక జర ఆల్చమైతే మనిషి పోతుండె అన్నది. తెల్లారి పొద్దెక్కినంక మా ఆయన కండ్లు తెరిసిండు. సెలైన్ సూది కాడ చెయ్యి పట్టుకొని కూసున్న అవ్వను సూసి, ‘ఎవరే ఈమె?’ అని అడిగిండు. ‘నీ కోసం దేవుడు తోలిచ్చినామె’ అన్న. నా నోటికెల్లి దేవుడు అన్న మాట ఏడుపు లేకుండ వచ్చుడు అదే మొదలు.

గప్పుడు యాదికొచ్చింది, ఆనాడు ఆదివారం! అవ్వ మొదటి బల్ల! ముక్కు మొకం తెల్వని మాకోసం ఈ తల్లి బల్ల ఇడిసిపెట్టుకున్నది. ‘అవ్వా, నీ బల్ల పోయింది గదనే’ అని బోరున ఏడ్సిన. ‘ఏడికి పోతది? ప్రభువు బల్ల ప్రభువు కాడనే ఉంటది. ముందుగాల నీ మొగనికి చాయ్ తాగిపియ్యి’ అన్నది.

దవాఖాన కెల్లి వచ్చినంక నేను ఊకోలె, తండకు పోయి పాస్టరయ్య భార్యను, పాస్టరమ్మను అడిగిన. కిస్మిస్ నానబోసి, మరగబెట్టి, చేతితోని పిసికి, గుడ్డల వడగట్టుమని చెప్పింది. కిరాణ దుకాణమాయన సగం షట్టర్ లేపి కిస్మిస్ ఇచ్చిండు. నా ఇంటి పొయ్యి మీద నేనే చేసిన అక్కా, వైన్స్ షాపు నడిపినదాన్ని నా బతుకుల గప్పుడే మొదటిసారి చేసిన ద్రాక్షారసం! ఆదివారం నాడు సోమ్లీ అవ్వ డబ్బాలనే పోసుకొని పోయినం. మేమిద్దరం ఎనక తలుపు కాడ కూసున్నం, మాకు బాప్తీస్మం లేదు గదా, తీసుకోలె. అవ్వ చిన్న గ్లాసు రెండు చేతులతోని పట్టుకొని తాగుతుంటే మా ఆయన వెక్కి వెక్కి ఏడ్సిండు. నేను ఆయన ఈపు మీద చెయ్యి పెట్టి ఊకోవెట్టిన.

ఇగ అంత సాఫ్ అయిందని చెప్తే అబద్ధమైతది, దేవుని సన్నిధిల అబద్ధం చెప్ప. దసరా నాడు జారిండు. దోస్తులు యాట కూర కాడికి గుంజుకపోయిండ్రు, తాగి వచ్చి గడప కాడ కూలవడ్డడు. నేను చీపురు పట్టుకున్న! గని అవ్వ వచ్చి, ‘పడ్డోన్ని లేపాలె, కొడితే లేస్తడా’ అన్నది. మల్ల డాక్టరమ్మ కాడికి పోయినం, మల్ల మందులు, మల్ల ప్రార్థన. షాపు పక్కన పెట్టుకొని మానుడు కాదని ఆయనను మరిపెడకు మా అన్న ఇంటికి తోలిచ్చిన, మిరపతోటల పని, ఆదివారం ఆడి సంఘంల ఆరాధన. లైసెన్సు గడువు దాక నేనే గల్ల మీద కూసున్న, షరీకోళ్లను ఆగం చెయ్యరాదు గదా. గని ఇంతకుముందు చెప్పినట్టు చెప్పుడు నాతోని కాలె. ‘అక్కా, ఏది మంచిది?’ అంటే ‘ఇంటికి పోవుడు మంచిది తమ్మీ’ అనేదాన్ని. కొందరు నవ్విండ్రు, కొందరు తిట్టిండ్రు, ఒకరిద్దరు నిజంగనే ఇంటికి పోయిండ్రు! షరీకోళ్లు నెత్తి పట్టుకున్నరు, గడువు అయిపోంగనే మేం పక్కకు జరిగినం, ఆయన సుత మరిపెడ కెల్లి ఇంటికి మర్రిండు. ఆ ఎండకాలమే ఇద్దరం ఒక్కనాడే బాప్తీస్మం తీసుకున్నం.

ఆఖరుకు ఒక్క సంగతి చెప్పి కూసుంట. టీవీల తెలంగాణ ఇచ్చిండ్రు అని చెప్పిన నాడు కొడకండ్ల ఎట్లున్నదో సూసినోళ్లకు ఎరుక. డప్పులు, గులాలు రంగు చల్లుకునుడు, పటాకలు, చౌరస్తల కాటన్లకు కాటన్లు మందు పంచుడు. మా ఆయన సుత లొల్లిల తిరిగిన మనిషే, ఇంట్ల ఎట్ల కూసుంటడు? దోస్తులు వచ్చి భుజాల మీద ఎత్తుకొని తీస్కపోయిండ్రు. నేను ఆపలె. ఎంత కాలం పుస్తెలతాడుకు తాళం చెవి కట్టుకొని కాపాడుత? తలుపు ఏసుకొని మోకాళ్ల మీద వడ్డ, ‘ప్రభువా, ఇయ్యాల ఆయన నీ చేతులనే ఉన్నడు, నా చేతుల లేడు’ అన్న. బయట డప్పు సప్పుడు పెరిగిన కొద్ది నేను గొంతు పెంచి గదే మాట అన్న. పొద్దుగూకుతుండంగ తలుపు సప్పుడైంది. నెత్తి నిండ గులాలు, గొంతు పోయింది, అంగి చినిగింది. దగ్గరికి పోయి వాసన సూసిన, సిగ్గు లేదు నాకు! గులాలు వాసన, చెమట వాసన, గంతే. నన్ను సూసి నవ్వి, ‘బాగ ఆకలైతుందే, అన్నం పెట్టు’ అన్నడు. తాగే మనిషి అన్నం అడగడు అక్కా. గా ఇంట్ల ఎన్నేండ్లు నేను వండి, మూత పెట్టి, తెల్లారి పారవోసిననో నాకే ఎరుక. ఆనాడు కంచం నిండ పెట్టిన, మారు వడ్డిచ్చిన, ఆయన తింటుంటే కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సిన. ఊరికి తెలంగాణ వచ్చింది, నా ఇంటికి నా మొగడు వచ్చిండు. దేవునికే మహిమ!

సోమ్లీ అవ్వ ప్రభువు కాడికి పోయింది. మా ఆయన ఇగో, మొగోళ్ల దిక్కు మూడో వరుసల తల వంచుకొని కూసున్నడు, నేను గిట్ల అన్నీ చెప్తానని ఇంటి కాడనే బుగులు వడ్డడు. ఇప్పుడు నా మాట మీకే అక్కా. మీ ఇంట్ల సుత గట్లాంటి మనిషి ఉన్నడని, సిగ్గుకు మీరు నోరు తెరుస్తలేరని నాకు మీ మొకాలల్లనే కనవడుతుంది, మొకాలు సూసుడే గదా నేను చేసిన పని. దాసకుండ్రి. నా ప్రభువు మందు దుకాణంల అడుగు పెట్టనీకె ఎనుకాడలె, మీ ఇంటికి రానీకె ఎనుకాడ్తడా? నమ్ముండ్రి, అడుగుండ్రి. మా ఇల్లు కొడకండ్లల ఎవరిని అడిగినా చూపిస్తరు. పొద్దుగాలనే రాండ్రి, ఆటో నేను మాట్లాడుత, ఆ మనిషిని పట్టుకొని ముందు దవాఖానకు పోదాం. ప్రార్థన తొవ్వపొంటి చేసుకుందాం, నడువుండ్రి.